అనుచరుల తీర్పు

సోమల వంటి చిన్న మండల కేంద్రమునను నేడు పెండ్లిచీర రంగు మొదలుకొని, బెంగుళూరు కొలువు విడిచి ఊరికి రావలెనా వలదా యనునంతవరకు, తమ బ్రదుకునకు సంబంధించిన ప్రశ్నలను ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్ల ముందుంచి, 24 గంటలలో పడిన ఓట్లనుబట్టి నడచుకొను యువతీయువకులు కలరు. దీనిని వినోదమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. ఏలయన, నా కర్మకు కర్త యెవరను పురాతన ప్రశ్నయే యిందు దాగియున్నది.

ఒరుల నడుగుట దోషము కాదు. విద్య ముగించి ఇల్లు చేరబోవు శిష్యునకు తైత్తిరీయోపనిషత్తునందలి ఆచార్యుడు, నడవడియందు సందేహము కలిగినచో, అచ్చట నున్న విచారశీలురు, కాఠిన్యము లేనివారు, ధర్మకాములు ఎట్లు వర్తింతురో అట్లు వర్తింపుమని చెప్పెను. సలహాదారునకు ఆ ఋషి విధించిన అర్హతలలో సామీప్యము, విచారము, దయ కలవు, సంఖ్య లేదు. మా ప్రాంతపు రైతు టమోటా నారు నాటుటకు ముందు ప్రక్కచేనివాని నడుగును; మదనపల్లె మండీలో ధర పడిపోయిననాడు వానికిని అదే నష్టము గనుక, అతడు ఆలోచించి చెప్పును. ఓటు వేసిన వేయిమందికో, పోవునది ఏమియు లేదు. మరుక్షణమే వేరొక రీలునకు సాగిపోవుదురు.

ఈ విషయము తలచినపుడెల్ల నాకు 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి జ్ఞప్తికి వచ్చును. 1909లో అడయారు సముద్రతీరమున దివ్యజ్ఞాన సమాజపు నాయకులలో ఒకడైన లెడ్‌బీటరు కంట పడిన నాటినుండి, ఆ బాలుడు ఏమి చదువవలెనో, ఎవరితో మెలగవలెనో ఇతరులే నిర్ణయించిరి. 1911లో ఆ సమాజమువారు ఆయనను రాబోవు జగద్గురువుగా నమ్మి, అధిపతిగా నిలిపి నక్షత్రసంఘమును స్థాపించిరి. తండ్రి నారాయణయ్య బిడ్డలకొరకు సమాజాధ్యక్షురాలు అనీబిసెంటుపై వేసిన వ్యాజ్యము 1914లో లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయి, ఆయనకు ప్రతికూలముగా ముగిసెను. అట్లు పరుల నిర్ణయముల నడుమ పెరిగినవాడు, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెనులో, అనీబిసెంటు సమక్షమున, దాదాపు 3,000 మంది సభ్యులు వినుచుండగా, ఆ సంఘమునే రద్దుచేసి, తనకు అనుచరులు వలదనెను. దీనిని మహాత్యాగముగా వర్ణించుట పరిపాటి. నాకు మాత్రము అది చెరనుండి వెలువడుటగా తోచును; ఏలయన, అనుచరులు నాయకునకు ఎంత బద్ధులో, వారు కోరిన రూపమున నిత్యము కనబడవలసిన నాయకుడు వారికి అంతకుమించి బద్ధుడు. నాడు అనుచరులు తామేమి చేయవలెనని గురువు నడిగిరి. నేడు అనుసరింపబడువాడే అనుచరుల నడుగుచున్నాడు. దిశ మారినను, ఒంటరిగా నిశ్చయించి ఆ ఫలమును ఒంటరిగా మోయవలసివచ్చునను భయము మారలేదు.

అట్లు అనుచరుల నడిగినవారిలో టెస్లా కార్ల సంస్థాధిపతి ఎలాన్ మస్క్ ఒకడు. 2021 నవంబరులో అతడు తన టెస్లా వాటాలలో పదవవంతు అమ్మవలెనా యని ట్విట్టరులో అడుగగా, 35 లక్షలకు పైగా ఓట్లలో 57.9 శాతము అమ్ముమనెను. కాని, ఆ పిమ్మట జరిగిన అమ్మకములలో కొంతభాగమునకు సెప్టెంబరులోనే ఏర్పాటు జరిగియుండెనని నియంత్రణ సంస్థకు సమర్పించిన పత్రములు వెల్లడించినవి. ఓటింగు పలుమారులు నిర్ణయమును చేయదు, నిర్ణేతను మరుగుపరచును.

ఇంట మాట చెల్లని ఆడపిల్లకు అపరిచితుల ధైర్యవచనము ఊరట యగునని నేనెరుగుదును. ఆ ఊరటను ఎవ్వరును కాదనరాదు. కాని కురుక్షేత్రమున ఇరుసేనలు చుట్టును నిలిచియుండగా అర్జునుడు వారి అభిప్రాయము నడుగలేదు. తనతోపాటు ఒకే రథముపై బాణముల నడుమ నున్న సారథి శ్రీకృష్ణునే అడిగెను. ఆ కృష్ణుడైనను సర్వమును బోధించి, దీనిని సమగ్రముగా విమర్శించుకొని నీ యిచ్చవచ్చినట్లు చేయుమని నిర్ణయమును అర్జునునకే విడిచెను.

కావున యువతీయువకులారా, పెండ్లియో, చదువో, ఊరు విడుచుటయో ఎదురైనపుడు, మీ నష్టమున పాలుపంచుకొను నలుగురిని ముందుగా అడుగుడు, పిదప మీరే నిశ్చయించుకొనుడు. ఫాలోవర్లకు చెప్పదలచినచో, అటుపిమ్మట చెప్పుడు.