గాజుతొట్టిలోని జీవి: దయయా, ఋణమా?

నేడు కొందఱు తమ గృహములలో సముద్రపు చేపలను ఉప్పునీటి గాజుతొట్లలో పెంచుచున్నారు. అందొక చేప రాతికి రాచుకొనియో, తోటిచేప కఱచియో గాయపడినచో దానికి చేయు ఉపచారము పుణ్యమనిపించుకొనునా?

సముద్రజలమున కిలోకు సుమారు 35 గ్రాముల లవణములుండును. చేప రక్తమున అంతకంటె చాల తక్కువ. అందుచే దాని దేహమందలి నీరు నిరంతరము వెలికి పోవుచుండును. అది ఉప్పునీటినే త్రాగి ఆ లోటు పూడ్చుకొనును. చర్మముపై నుండు జిగురుపొర దానికి కవచము. గాయమైనచోట ఆ కవచము తొలగును. అట్టిదానిని జాలితో చేతబట్టి నిమిరినచో మిగిలిన పొరయు చెడును. తోటిచేపల బాధ తగులకుండ వేఱుతొట్టిలో నుంచి, అమ్మోనియా చేరని స్వచ్ఛమైన నీటిని, మాఱని లవణమును, మాఱని వెచ్చదనమును సమకూర్చి, కదిలింపక విడుచుటయే ప్రధానచికిత్స. మన ఆతురతను అణచుకొని ఆ జీవికి కావలసినది చేయుటయే దయ.

అయినను ఇది దానము కాదు. సముద్రమున నున్న చేప నొచ్చినచో తానే మఱుగు వెదకికొనును. ఆ స్వేచ్ఛను హరించినది మనము. ఇట్లు పెంచు జాతులలో అధికభాగము నేటికిని పగడపుదిబ్బలనుండి పట్టి తెచ్చినవే. గాయము మానిన పిదప సముద్రమున విడుతమన్నను, తొట్టిలోని రోగములు అచటి జీవులకు సోకవచ్చును. కావున ఈ ఋణము ఆ జీవి బ్రదికినంతకాలము తీఱదు.

బసవేశ్వరుడు బోధించిన దాసోహమున ‘నేనిచ్చితిని’ అను అహంకారమునకు తావులేదు. ఋణము తీర్చువాడు పుణ్యమును లెక్కించుకొనడు. తీర్చజాలనివాడు ఆ జీవిని ఇంటికి తేకుండుటయే మొదటి దయ.