తొమ్మిది గంటల క్లాసుకు ముందు

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు పల్లెల పిల్లలు ఎందరో ఇక్కడికి చదువుకోను వస్తారు. ఇంట్లో ఉంటే వేడి వేడి రాగి సంగటి ముద్ద, నడుమ గుంట చేసి పోసిన పులగూర, పక్కన ఊరిబిండి. హాస్టల్లో? క్లాసు హడావిడిలో ఒక టీ, రెండు బిస్కెట్లు. సాయంత్రానికి కడుపు నకనకలాడి నూడిల్స్ బండి దగ్గర నిలబడతారు. వాళ్ళను తప్పుపట్టలేం. చేతిలో ఉన్న డబ్బుకు, టైముకు దొరికేది అదే.

అయినా మనసు ఊరుకోదు. మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తిండితోపాటే తాగే టీ, రక్తానికి కావలసిన ఇనుమును తిండి నుంచి ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇక ఇంట్లో తినే రాగుల సంగతి చూడండి: వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది చుట్టుపక్కలే. మన చేలల్లో పండే శనక్కాయల్లో మాంసకృత్తులకు కొదవే లేదు.

హాస్టల్ మెనూ రాసే పెద్దలకు నా విన్నపం: వారంలో మూడు రోజులన్నా పొద్దున రాగి జావ, ఉడికించిన శనక్కాయలు పెట్టండి. ఏడున్నరకల్లా వడ్డించండి. పిల్లలూ, మీ మెస్ కమిటీలో ఈ మాట ఇవాళే ఎత్తండి.