శిఖరం చేరని మనిషి

కొండను చూస్తే కొండెక్కాలన్న కోరిక పుడుతుందంటారు. నాకు మాత్రం మనిషిని చూసే పుడుతుందనిపిస్తుంది. అందుకు సాక్ష్యం మా విజయనగరం పక్కనే, కోరుకొండలో ఉంది.

అక్కడి సైనిక్ స్కూల్ 1962లో మొదలైంది. చుట్టూ పొలాలు, తాటిచెట్లు. మంచు అంటే అక్కడి పిల్లలకు తెలిసింది ధనుర్మాసం పొద్దుల్లో చేల మీద దిగే పొగమంచే. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే పల్లె నుంచి మల్లి మస్తాన్‌బాబు 1985లో ఆ బడికి వచ్చాడు. అంతకుముందు అక్కడే చదివి సైన్యంలో చేరిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కర రావు ఆ ఏడాదే ఎవరెస్టు మీద ప్రాణం విడిచారు. ఆ కొండ ఎక్కడానికి సైన్యం పంపిన దళంలో ఐదుగురు అధికారులు తిరిగి రాలేదు. ఒకరు జారిపడితే, రావుగారితో సహా నలుగురిని శిఖరం కిందున్న సౌత్ కోల్ అనే కనుమ దగ్గర మంచుతుఫాను పొట్టన పెట్టుకుంది.

బడిలో ఆయన విగ్రహం పెట్టారు. తొమ్మిదో తరగతిలో మస్తాన్‌బాబు మనసు కొండలవైపు మళ్లింది ఆయన కథతోనే. నన్ను ఆపి ఆలోచింపజేసేది ఇదే. ఆ కుర్రాణ్ని కదిలించినాయన శిఖరం అందుకోలేదు. ఎక్కినవాడి ఫొటో చూస్తే చప్పట్లు కొడతాం. దారిలో ఆగిపోయినవాణ్ని తలుచుకుంటే, మిగిలిన దారి ఎవరు నడుస్తారన్న ప్రశ్న లోపల మెదులుతుంది.

మస్తాన్‌బాబు నడిచాడు. 2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి, మే 21న ఎవరెస్టు ఎక్కి, జులై 10న అలాస్కాలోని డెనాలితో ముగించాడు. 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు! వారంలో ఒక్కో రోజు ఒక్కో శిఖరానికి దక్కింది. విన్సన్‌కు గురువారం, ఎవరెస్టుకు ఆదివారం, డెనాలికి సోమవారం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

2015 మార్చి 24న ఆండీస్‌లోని త్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా బయల్దేరాడు. ఏప్రిల్ మొదట్లో శవమై దొరికాడు. నలభై ఏళ్లు.

సెలవులు అయిపోయే రోజుల్లో విజయనగరం స్టేషన్లో ఆ బడి పిల్లలు కనిపిస్తారు. తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన ట్రంకుపెట్టెను తండ్రి ఆటోలోకి ఎక్కిస్తుంటే, తువ్వాలు చుట్టిన ఆవకాయ సీసా నిలువుగానే పట్టుకోమని తల్లి మళ్లీ మళ్లీ చెబుతుంటుంది. ఆమెను చూసినప్పుడల్లా ఆ విగ్రహం గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. అది పిల్లల్ని ఎంత దూరం పిలవగలదో ఆమెకు తెలియదు కదా!

అయినా ఆ విగ్రహం అక్కడ ఉండాలనే అంటాను. ఏ పిల్లాడైనా దాని ముందు ఆగి, ఈయన ఎవరెస్టు ఎక్కాడా అని అడిగితే, లేదనే చెప్పాలి. సౌత్ కోల్ తుఫాను గురించి చెప్పాలి, ఆండీస్‌లో ఒంటరిగా పోయిన మస్తాన్ గురించీ చెప్పాలి. అంతా విన్నాక కూడా వెళ్తానన్నవాణ్ని ఆపే హక్కు నాకు లేదు. తోడు లేకుండా మాత్రం వెళ్లొద్దు నాయనా అని బతిమాలుకుంటాను.