నీ పుస్తకం ముందు తెరువు, బిడ్డా

మొన్న ఫోన్ చేసి నువ్వు అడిగినవన్నీ పిల్లల గురించే. బడికి సెలవులిచ్చారు, ముప్పై అయిదు రోజులు వీళ్లిద్దరితో ఎట్లా వేగేది పెద్దమ్మా అన్నావు. తెలుగు నేర్పాలంటే ఏ పుస్తకం కొనాలి, సమ్మర్ క్యాంపులో వేస్తే ఎలా ఉంటుంది, చేతిలోంచి సెల్‌ఫోన్ ఎలా లాక్కోవాలి అని వరసగా అడుగుతూనే ఉన్నావు. మాట్లాడినంతసేపూ నీ దగ్గర కత్తెర చప్పుడు వినపడుతూనే ఉంది. చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తున్నావని తెలుస్తూనే ఉంది. అన్నీ విన్నాక నేనొకటే అడిగాను: "నువ్వేం చదువుతున్నావు బిడ్డా ఈ మధ్య?" కత్తెర ఆగింది. "నేనా? నాకెక్కడి తీరిక పెద్దమ్మా!" అన్నావు. మళ్లీ కత్తెర మొదలయింది.

ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. సెలవులకు మేము ఊరొస్తే నా సంచీలో బిస్కెట్ల కోసం కాదు, పుస్తకాల కోసం వెతికిన పిల్లవి నువ్వు. లెక్కల పుస్తకం కింద వారపత్రిక దాచుకుని చదివి మీ నాన్నతో తిట్లు తిన్నావు. ఆ పిల్ల ఏమయింది? అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నాను. పిల్లల సంగతి తరవాత చెబుతాను. ముందు నీ సంగతి.

నువ్విప్పుడున్న సూరత్‌కే నేనూ వచ్చింది 1983లో. వేడ్ రోడ్డులో రేకుల కప్పు ఉన్న ఒకటే గది. మీ పెదనాన్నకు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటల పని. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. రాత్రి పాళీ వారం వచ్చిందంటే నాకు గుండెలో రాయి పడేది. ఆయన పొద్దున ఎనిమిదింటికి వచ్చి, ఇంత తిని పడుకుంటాడు. మే నెల ఎండ. బయటికి పంపితే పిల్లల కాళ్లు కాలుతాయి, లోపలుంటే చప్పుడు చేస్తారు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నవాడికి అయిదు. చప్పుడు చేయకుండా ఆ వయసు పిల్లల్ని కూర్చోబెట్టడం ఎవరి తరం?

ఒకరోజు విసిగిపోయి, గోడ వారగా చాప పరుచుకుని, ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' తీసుకుని పడుకున్నాను. వాళ్ల కోసం తీయలేదు. నిజం చెబుతున్నా, వాళ్లను మరిచిపోదామనే తీశాను. కాసేపటికి పెద్దది వచ్చి నా పొట్ట మీద తల పెట్టుకుంది. నాకు నవ్వొస్తోంది, ఆయన లేస్తాడని నవ్వు ఆపుకుంటున్నాను. పొట్ట అదురుతోంది, దాంతోపాటు దాని తలకాయా అదురుతోంది. "ఎందుకమ్మా నవ్వుతున్నావు?" అని గుసగుసగా అడిగింది. నేనూ గుసగుసగానే ఆ నాలుగు వాక్యాలు చదివాను. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నవాడు ఏమీ అర్థం కాకపోయినా, తానెక్కడ వెనకబడతాడోనని రెండో పక్కన చేరాడు. బాపు గారి బొమ్మలు వాడికి చాలు. మర్నాడు అన్నాలు కాగానే పెద్దదే పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

బిడ్డా, ఆ వేసవిలో నేను వాళ్లకు చదువు చెప్పలేదు. నేను చదువుకున్నాను, వాళ్లు వచ్చి చేరారు. నీకు చెప్పదలచిందంతా ఇదే. "చదువుకోండి" అని రోజుకు పదిసార్లు నువ్వు అనగా వింటున్నారు పిల్లలు, నువ్వు చదవగా మాత్రం వాళ్లు చూడలేదు. అమ్మ కత్తెర పట్టడం చూశారు, గరిట పట్టడం చూశారు, ఫోన్ పట్టడం చూశారు. పుస్తకం పట్టుకుని అమ్మ తనలో తాను నవ్వుకోవడం, కళ్లు తుడుచుకోవడం చూడనిదే, అందులో ఏదో ఉందని వాళ్లకెలా తెలుస్తుంది?

నీ చేతిలో పని చీర లెక్కన కూలి వచ్చే పని. గంటకు ఎన్ని చీరలో, ఎన్ని రూపాయలో నాకూ తెలుసు, నేనూ కండెలు చుట్టి సంపాదించినదాన్నే. గంట వద్దు, అరగంట తీసుకో. మధ్యాహ్నం అన్నాలయ్యాక, మళ్లీ చీరల మూట విప్పకముందు. నీకు నచ్చిందే చదువు. యద్దనపూడి సులోచనారాణి నవలైనా సరే, రంగనాయకమ్మ అయినా సరే, దారిలో దొరికిన పాత వారపత్రికైనా సరే. పిల్లలకు పనికొచ్చేది చదవాలని పెట్టుకోకు. అలా పెట్టుకుంటే అదీ ఇంకో ఇంటిపనే అవుతుంది, వారానికే మూలన పడుతుంది. మీ అత్తగారు ఏమైనా అంటే నా పేరు చెప్పు. నేను మాట్లాడతాను.

ఇక పిల్లలు. గుజరాత్‌లోనే, భావనగర్‌లో, గిజుభాయి బధేకా అని ఒకాయన ఉండేవాడు. 1885లో పుట్టాడు. వకీలు. తన కొడుకును ఎలా పెంచాలా అని ఆలోచిస్తూ మాంటిసోరి పుస్తకాలు చదివి, చివరికి వకాలతే మానేసి, 1920లో దక్షిణామూర్తి బాలమందిరం పెట్టి పిల్లల మధ్య కూర్చుండిపోయాడు. ఆయన్ను గుజరాతీలు 'మూఛాళీ మా' అంటారు, అంటే మీసాలున్న అమ్మ. 'దివాస్వప్న' అని ఆయన ఒక పుస్తకం రాశాడు. అందులో కొత్త మాస్టారు నాలుగో తరగతికి వెళ్లి పాఠం మొదలుపెట్టడు, కథ మొదలుపెడతాడు. మిగతా మాస్టర్లు నవ్వుతారు. అయినా కథ ఆపడు. కథ వినడం అలవాటైన పిల్లలు వాళ్లంతట వాళ్లే పుస్తకం దగ్గరికి వస్తారు. సూరత్‌లో నలభై ఏళ్లున్న నాకు ఆయన పేరు తెలిసింది మా పక్కింటి గుజరాతీ టీచరమ్మ చెప్పాకే. అంతకుముందే తెలిసుంటే మా చిన్నవాణ్ని ఒత్తులు దిద్దలేదని కొట్టి ఉండేదాన్ని కాను. ఆ దెబ్బ వాడు మరిచిపోయాడు, నేను మరవలేదు.

అందుకని తెలుగు నేర్పాలన్న తొందరలో పలక పట్టించి గదమాయించకు. నీ పిల్లలకు మాట వచ్చు, అక్షరమే రాదు. అదేమంత కొండ కాదు. బడిలో గుజరాతీ 'బారాఖడీ' వల్లించారు కదా? క, ఖ, గ, ఘ వరస మనకూ అదే. క, కా, కి, కీ గుణింతమూ అదే. వాళ్ల చెవిలో ఉన్న వరసకు నువ్వు కొత్త బొమ్మలు చూపించాలి, అంతే. తేడా ముఖ్యంగా వచ్చేది ఒక్కచోట. గుజరాతీ రాతలో పొట్టి ఎ, పొడుగు ఏ అని వేరువేరుగా లేవు. ఒ, ఓ కూడా అంతే. 'కొడుకు'లో ఉన్నదీ 'కోడి'లో ఉన్నదీ వేరని నోటితో పలికించు, రెండుసార్లు నవ్వించు. రోజుకు రెండక్షరాలు చాలు. నీకు ఓపిక లేని రోజు అవీ వద్దు.

దీనికన్నా పిల్లలకు ఇష్టమయ్యే పని ఒకటి చెబుతాను. మీ ఊరి కవి నర్మద్ తెలుసు కదా, ఘోడ్‌దోడ్ రోడ్డులో పెద్ద లైబ్రరీ ఆయన పేరుదే. 1833లో సూరత్‌లో పుట్టినవాడు. ఏళ్ల తరబడి ఒంటిచేత్తో మాటలు పోగుచేసి గుజరాతీకి నిఘంటువు రాశాడు. 'నర్మకోశ్' అంటారు, 1873లో అచ్చయింది. నీ పిల్లల చేత ఇంటికోశం ఒకటి రాయించు. పాత నోటుబుక్కు ఒకటి తీసి మూడు గళ్లు గియ్యి. మామిడికాయ ఒక గడిలో, కేరీ పక్క గడిలో, హిందీ మాట మూడో గడిలో. చీమ, కీడీ. పిచ్చుక, చకలీ. వాన, వర్సాద్. రాయడం రానిచోట బొమ్మ వేయనివ్వు. వీధిలో ఒడియా పిల్లలున్నారు, మరాఠీ పిల్లలున్నారు. వాళ్లింట్లో దేన్ని ఏమంటారో అడిగి రమ్మను, నాలుగో గడి గీసుకుంటారు. మీ లింబాయత్‌లో ఒక్క గల్లీ తిరిగితే అయిదు భాషలు దొరుకుతాయి. ఏ సమ్మర్ క్యాంపు ఇస్తుంది ఇది?

మీ ఇంట్లో చిందీ గుడ్డలకు కొదవ లేదు. జరీ ముక్కలు, లేసు ముక్కలు, రాలిన టిక్కీలు, ఊడ్చి పారబోసేవన్నీ ఒక డబ్బాలో వేసి పిల్లలకు ఇవ్వు. మధ్యాహ్నం చదివిన కథలో రాజు ఎవరు, కోతి ఎవరు అని వాళ్లే బొమ్మలు చుట్టుకుంటారు. పుల్లకు గుడ్డ చుట్టి దారం కడితే రాజు. నువ్వు దిద్దబోకు. రాజుకు మూడు చేతులున్నా ఉండనీ. బొమ్మల పెళ్లి చేస్తామంటే బెల్లంముక్క, పుట్నాలు ఇచ్చి పెళ్లికి వెళ్లు.

వేసవిలో పక్కింటి గుజరాతీ వాళ్లు మేడ మీద పాపడ్లు పెడతారు. ఆ పిండి ఉడికించిన ఖీచు ఉంటుంది చూడు, వేడివేడిగా పైన నూనె వేసి ఇస్తారు. పాపడ్లకు పిండి మిగలదు, సగం పిల్లల పొట్టల్లోకే పోతుంది. మీ పిల్లల్ని వాళ్ల మేడ మీదికి పంపు, పాపడ్లు పరవడానికి సాయం చేయమను. మనింట్లో ఆవకాయ ముక్కలు తుడిచే రోజు వాళ్ల పిల్లల్ని పిలువు. మేము ఊరు విడిచి వచ్చి నలభై ఏళ్లు బతకగలిగింది ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల మీదే.

సమ్మర్ క్యాంపు సంగతి. నాలుగు రోజులు బొమ్మలు వేసుకుని వస్తామంటే పంపు. నెలంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అయితే వద్దు, అది ఇంకో బడి. ఫోన్ పూర్తిగా లాక్కోకు, లాక్కుంటే దాని మీదే ప్రాణం పెట్టుకుంటారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, బొమ్మలతో సహా. రోజుకో కథ పక్కన కూర్చుని చదవండి, ఆ తరవాత ఫోన్ కట్టేయండి. ఆదివారాలు సిటీలైట్ సైన్స్ సెంటర్‌కో, పాల్‌లో చేపల అక్వేరియానికో వెళ్లండి. డుమస్ తీరానికి వెళ్తే టమాటా భజియాలు తినకుండా రాకండి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నెలాఖర్లో పెళ్లికి ఊరొస్తున్నారు కదా. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బల్లార్షా దాకా పిల్లల్ని పడుకోనీ, ఆడుకోనీ. బల్లార్షా దాటాక కిటికీ దగ్గర కూర్చోబెట్టు. మరాఠీ బోర్డులు అయిపోయి, సిర్పూర్ దగ్గర మన అక్షరాలు మొదలవుతాయి. పసుపు బోర్డు మీద నల్లగా, గుండ్రంగా. మా పెద్దది ఎనిమిదో ఏట మొదటిసారి 'కాగజ్‌నగర్' అని కూడబలుక్కుని చదివి, రైలు కదిలిపోయాక కూడా "నగర్, నగర్" అంటూనే ఉంది. పెట్టెలో ఉన్నవాళ్లంతా దాని వంక చూశారు. ఒక ముసలాయన జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. నువ్వు బోర్డు చదివి చెప్పకు. వాళ్లు చదివేదాకా ఆగు, రైలు వెళ్లిపోయినా సరే. ఇంకా చాలా స్టేషన్లున్నాయి.

మొన్న మీ బావ సూరత్ వస్తుంటే ఒక మూట ఇచ్చి పంపాను. అందులో పిల్లలకు బొమ్మల పుస్తకాలు నాలుగున్నాయి. వాటితో పాటు 'రైలుబడి' ఉంది. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిచిన బడి. మొదటి రోజు హెడ్‌మాస్టారు ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు విన్నాడట. అది రాత్రిపూట కొంచెం కొంచెంగా పిల్లలకు చదివి వినిపించు.

అన్నిటికన్నా పైన గోధుమరంగు కాగితంలో చుట్టింది మాత్రం నీది. వాళ్లకు ముందు ఇవ్వకు. 2006 ఆగస్టులో తాపీ వరద మా గదిలోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో ఉన్న నా పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. తాడు కట్టి, చీరలు ఆరేసినట్టు ఒక్కొక్కటి ఆరేశాను. చాలావరకు బూజు పట్టి పోయాయి. ఈ యద్దనపూడి నవల ఒక్కటి మిగిలింది. ఉబ్బిపోయింది, అంచులు గోధుమరంగు తిరిగాయి. ఇప్పటికీ తెరిస్తే బురద వాసన వస్తుంది. గుర్తుగా ఉంటుందని మీ పెదనాన్న చివరిసారి తెచ్చిన లేసు ముక్క లోపల పెట్టాను. చివరి నాలుగు పేజీలు లేవు, అవి నీళ్లలోనే పోయాయి. కథ ఏమయిందో నాకు బాగా గుర్తుంది. నువ్వు అక్కడిదాకా వచ్చాక ఒక మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకో. మిగతాది నేను చెబుతాను.