సుగ్గికి పోయినవాని ఇల్లు



2020 డిసెంబరు 25న మన రాష్ట్రములో పేదలకు ఇండ్లస్థలముల పట్టాలిచ్చుట ఆరంభమాయెను. అప్పుడు పల్లెలో సెంటున్నర, పట్టణములో సెంటు చొప్పున ఇచ్చిరి. పట్టా ఇల్లాలి పేరిట.

అయితే ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో పని దొరకని కాలమున పేదలు గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుదురు. విచారణకు అధికారి వచ్చిన దినమున వారి తలుపునకు తాళముండును. ఆ సందున సొంతయిల్లు గలవాడు తన పేరు వ్రాయించుకొనినయెడల అది దొంగతనమగునా? అతడు ఎవరి గోడయు దూకలేదే!

ఇల్లుండియు మరియొక ఇంటిని ఆశించువారిని యెషయా ప్రవక్త గద్దించెను (5:8). చూచియు ఊరకుండు మనకును ఆ పాపములో పాలు గలదు. స్థలమిచ్చునది ప్రభుత్వము, లేనివాని పక్షమున సాక్ష్యమియ్యవలసినది పొరుగువాడే. తాళమువేసిన ఇంటివారి పేరు మొదట మన నోటనే వినబడవలెను.