గేట్లెత్తిన రోజు

పోచంపాడ్ ప్రాజెక్టు గేట్లెత్తితే చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా అక్కడే. 42 గేట్లు, కింద నురగలు కక్కే గోదావరి. పోయినసారి ఇద్దరు దోస్తులు భుజాలు కలిపి సెల్ఫీ దిగారు. మరుక్షణం ఎవరి ఫోనులోకి వాళ్లు తల వంచారు. తుంపర పడితే అద్దం చొక్కాకు తుడుచుకున్నారే గానీ, తలెత్తలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

ఫోను తప్పని అనను. 2022లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అడిగితే, సోషల్ మీడియాతో స్నేహితుల సంగతులు బాగా తెలుస్తున్నాయని అమెరికా టీనేజర్లలో 80 శాతం చెప్పారు. హైదరాబాద్ హాస్టల్లో చేరిన దోస్తును వాట్సాపే దగ్గరుంచుతోంది. సంగతులు తెలుస్తాయి, సరే. లోపలి దిగులు మాత్రం పసుపు ఉడికే పొయ్యి దగ్గర పక్కన కూర్చుంటేనే బయటికొస్తుంది.

పిల్లలూ, కొన్నాళ్లుగా స్టేటస్ పెట్టని దోస్తు ఉంటే, ఇవాళ బడి విడిచాక వాళ్లింటికి ఒకసారి పోయి రండి.