అక్షరం ఇచ్చిన చేయి, అనుమానించిన కన్ను

సింగరాయకొండ దగ్గర మేము పాఠం చెప్పే బడిలో ఒకరోజు ఒక పిల్లవాడి జామెట్రీ బాక్సు పోయింది. తరగతిలోని చూపులన్నీ వెనక వరుసలో కూర్చున్న ఇద్దరు యానాది పిల్లల మీదికి వెళ్ళాయి. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళంతట వాళ్ళే సంచులు తెచ్చి మా ముందు బోర్లించారు. మేము వద్దనలేదు. ఎరుకల ఇంట పుట్టి, టీచర్ ట్రైనింగ్ చేసి, పిల్లల ముందు నిలబడ్డ మేము కూడా ఆ క్షణంలో అటే చూశాం. మరునాడు బాక్సు పోగొట్టుకున్న పిల్లవాడి ఇంట్లోనే దొరికింది.

ఆ చూపు మాకెక్కడిది? ఆలోచిస్తూ పోతే ఈ జిల్లా చదువుల చరిత్ర దగ్గరికీ, అక్కడి నుంచి అమెరికా దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఎందుకంటే మన ప్రాంతంలో పేదలకు బడి తలుపు తెరిచినవాళ్ళలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ముఖ్యులు.

ఇంగ్లండు నుంచి వెళ్ళి మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లకు చదువు మతధర్మం. బైబిలు చదవడం రాని మనిషిని సైతాను సులభంగా మోసం చేస్తాడని వాళ్ళ నమ్మకం. అందుకే యాభై ఇళ్ళున్న ప్రతి ఊరూ ఒక పంతుల్ని పెట్టుకోవాలని 1647లో చట్టం చేశారు. మంచి పనే. జాన్ ఎలియట్ అనే పాదిరి అక్కడి ఆదివాసుల భాష నేర్చుకుని, 1663కల్లా బైబిలు మొత్తం ఆ భాషలో అచ్చువేయించాడు. మతం పుచ్చుకున్న ఆదివాసుల కోసం నాటిక్ వంటి ప్రార్థనా గ్రామాలు పెట్టాడు. అక్కడ జుట్టు దగ్గర్నుంచి కాపురం దాకా తెల్లవాళ్ళ పద్ధతే నడవాలి. ఇంత మారినా వాళ్ళను నమ్మలేదు. 1675లో యుద్ధం రాగానే ఆ గ్రామాల వాళ్ళను బోస్టన్ రేవులోని డీర్ ఐలాండ్ దీవికి తోలేశారు. చలికీ ఆకలికీ చాలామంది అక్కడే చనిపోయారు.

అదే కాలంలో రోజర్ విలియమ్స్ అనే మరో బోధకుడు ఉన్నాడు. ఆదివాసుల భూమిని రాజు ఎవరికో ఎలా రాసిస్తాడని అడిగాడు. మనిషి నమ్మకం జోలికి చట్టం రాకూడదన్నాడు. అతన్ని మసాచుసెట్స్ నుంచి వెళ్ళగొట్టారు. 1636లో నారగాన్సెట్ ఆదివాసుల దగ్గర భూమి పొంది ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. అమెరికాలో తొలి బాప్టిస్టు సంఘం పుట్టింది ఆ ఊళ్ళోనే.

ఆ బాప్టిస్టుల నుంచే జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాల వాళ్ళు అన్నప్పుడు ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. మన పక్కనే రామాయపట్నంలో తెలుగు బోధకులను తయారుచేసే సెమినరీ వెలిసింది. ఇవి మరిచిపోదగినవి కావు.

అయితే మన కథ ఇంకోలా నడిచింది. గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి అమ్ముకున్న ఎరుకల వాళ్ళ బతుకు రైళ్ళ రాకతో, ఉప్పు మీద సర్కారు అదుపుతో దెబ్బతింది. బతుకు పోగొట్టుకున్నవాళ్ళనే 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకతో దొంగలంది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ పాకింది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల సెటిల్‌మెంట్లు నడిపాయి. అక్కడ పని ఉంది, బడి ఉంది, ప్రార్థన ఉంది, వీటితోపాటు హాజరు పట్టీ కూడా ఉంది. చట్టం మనసు జోలికి రాకూడదన్న రోజర్ విలియమ్స్ వారసులే పోలీసు చట్టం నీడలో మనవాళ్ళకు నీతి నేర్పారు.

వాళ్ళు చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. అక్షరాన్ని వెనక్కి ఇచ్చేద్దామనీ అనడం లేదు. అక్షరం లేకపోతే ఈ వ్యాసమే లేదు. మేము అడిగేది ఒక్కటే. ఎదుటివాణ్ణి ముందే దొంగగా లెక్కగట్టి నేర్పే నీతి, నీతి అవుతుందా? కాదని మా అభిప్రాయం. అది లొంగుబాటును నేర్పగలదు. మనిషి తనంతట తాను మంచిని ఎంచుకోవాలంటే, ముందు అతన్ని మనిషిగా నమ్మాలి.

ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. చూపు మాత్రం రద్దు కాలేదు. అది పై కులాల కళ్ళలోనే ఉందనుకుంటే సుఖంగా ఉండేది. ఆ రోజు అది మా కళ్ళలోనే కనబడింది. ఎరుకల బిడ్డ పంతులై, యానాది బిడ్డను ఆ పాత హాజరు పట్టీ కళ్ళతో చూశాడు.

బాక్సు దొరికిన రోజు తరగతి ముందు ఆ ఇద్దరికీ మా తప్పు ఒప్పుకున్నాం. చిన్నవాడు తల వంచుకుని, "పర్లేదు సార్, మాకలవాటే" అన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తోటి ఉపాధ్యాయులారా! పదేళ్ళ పిల్లవాడికి ఆ అలవాటు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఇప్పుడు మా తరగతిలో ఏ వస్తువు పోయినా ఎవరి సంచీ తెరవం. అందరం కలిసి వెతుకుతాం. వాడు తన సంచీ తానుగా తెచ్చి బోర్లించడం మానేసిన రోజునే వాడికి నిజంగా చదువు చెప్పడం మొదలుపెట్టామని అనుకుంటాం.